పేరు తీసేయడం కూడా పనే

గత వారం డెబియన్‌లోని రెండు ఆటల ప్యాకేజీల్లోంచి నా పేరు తీసేశాను. డెబియన్ అంటే స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి తయారుచేసే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. అందులో ఒక్కో ప్రోగ్రామును సులువుగా వేసుకునేలా కట్టిన మూటే ప్యాకేజీ. ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలులో అప్‌లోడర్ల (దాన్ని చూసుకునే మనుషుల) వరుసలో ఉన్న పేరు చెరిపి, మార్పుల చిట్టా అయిన చేంజ్‌లాగ్‌లో ఒక్క వాక్యం రాసి, ఆ మార్పును డెబియన్ కోడు దాచుకునే సాల్సా సైటుకు పంపాను. పది నిమిషాల పని. దాన్ని మూడేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చాను. ఆ మూడేళ్లలో ఆ రెండు ఆటలనూ ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. అయినా ఎవరైనా ప్యాకేజీ పేజీలోకి వెళితే అక్కడ నా పేరు కనిపించేది. చూసినవాళ్లు దీనికి దిక్కు ఉందిలే అనుకుని వెళ్లిపోయి ఉంటారు.

డెబియన్‌లో ఆటల ప్యాకేజీల గురించి ఎప్పుడు మాట వచ్చినా "మనుషులు చాలడం లేదు, కొత్తవాళ్లను తీసుకురావాలి" అన్న దగ్గరే ఆగుతుంది. నేనూ చాలాకాలం అదే అన్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. కొత్తవాళ్లు రావడానికి దారులు ఉన్నాయి. ప్యాకేజీ చేయడం నేర్పే పత్రాలున్నాయి, తప్పులు చూసి చెప్పే మెంటర్లున్నారు, మన తరఫున అప్‌లోడ్ చేసే స్పాన్సర్లున్నారు. ఉన్నవాళ్లు వేళకు తప్పుకోవడానికి మాత్రం అలవాటైన దారి లేదు. ఎవరి ప్యాకేజీ అయినా ఏ రోజైనా ఇంకొకరికి అప్పగించగలిగేంత సిద్ధంగా ఉండాలన్నది నా వాదన. ఇది నాకు ఒక ఉత్తరం నేర్పిన పాఠం.

ఏడో స్థాయిలో పెట్టె

2016లో ఒక చిన్న ఆటను ప్యాకేజీ చేశాను. ఒక కుర్రాడు గోదాములో పెట్టెలను తోసుకుంటూ వెళ్లి గుర్తు పెట్టిన గళ్లలో నిలపాలి. అంతే ఆట. పైథాన్ భాష పాత వెర్షన్ అయిన పైథాన్ 2లో, ఆటలు రాయడానికి వాడే పైగేమ్ లైబ్రరీ ఆధారంగా రాసినది. రాసిన మనిషి అప్పటికే దాన్ని వదిలేసి చాలాకాలమైంది. అది నా మొదటి ప్యాకేజీ. బొమ్మలు, శబ్దాలు ఒక్కొక్కటి ఏ లైసెన్సు కింద ఉన్నాయో వెతికి కాపీరైట్ ఫైలు రాయడానికే రెండు వారాలు పట్టింది. కొత్త ప్యాకేజీల వరుస దాటి అది డెబియన్‌లోకి చేరిన రోజు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చూపించాను.

తర్వాత ఉద్యోగం మారింది. బాబు పుట్టాడు. 2019లో డెబియన్ నుంచి పైథాన్ 2ను తీసేసే పని పెద్ద ఎత్తున మొదలైనప్పుడు నా ప్యాకేజీ మీదా ఒక బగ్ నమోదైంది. చూశాను. ఆదివారం చేద్దాం అనుకున్నాను. 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు ముగిసింది. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఆట ముందు తర్వాతి విడుదలకు సిద్ధమయ్యే టెస్టింగ్ నుంచి, తర్వాత కొత్త అప్‌లోడ్‌లు మొదట చేరే అన్‌స్టేబుల్ నుంచి కూడా తొలగిపోయింది. 2021 ఆగస్టులో డెబియన్ 11 విడుదలైనప్పుడు అందులో అది లేదు. తీసేసినవాళ్ల తప్పు ఏమీ లేదు, వాళ్లు ముందుగానే హెచ్చరించారు. మౌనంగా ఉన్నది నేను.

ఆ అక్టోబరులో జర్మనీ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. రాసినది ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన. ఊరి గ్రంథాలయంలో పిల్లల గదిలోని పాత కంప్యూటర్లను ఆయనే చూసుకుంటారట. కొత్త వెర్షన్ వేశాక ఆ ఆట కనిపించడం లేదని, పిల్లలు అడుగుతున్నారని రాశారు. చివర ఒక వాక్యం: "మీరు క్షేమంగానే ఉన్నారు కదా?" ప్యాకేజీ పోతే, దాన్ని చూసుకునే మనిషికి ఏమైనా అయిందేమోనని ఆయన అనుకున్నారు. ఆ వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు.

నాలుగు రాత్రులు కూర్చుని దాన్ని పైథాన్ 3లోకి మార్చాను. ప్యాకేజీ ఎక్కడా ఆగకుండా తయారైంది. ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు. ఆట తెరుచుకుంది, మొదటి ఆరు స్థాయిలూ చక్కగా నడిచాయి. అప్పుడే అప్‌లోడ్‌కు పంపేసేవాణ్ణి. మా వాడు ఒళ్లో కూర్చుని ఇంకా ఇంకా అంటే ఏడో స్థాయికి వెళ్లాను. అక్కడ పెట్టె రెండు గళ్ల మధ్య నిలబడి ఉంది. ఎంత తోసినా గుర్తు పెట్టిన గడిలోకి వెళ్లదు.

కారణం దొరకడానికి గంట పట్టింది. మొదటి ఆరు స్థాయిల్లో గోదాము వెడల్పు సరిసంఖ్య. ఏడో స్థాయిలో ఏడు గళ్లు. మధ్య గడి ఏదో తెలుసుకోవడానికి కోడు ఆ వెడల్పును రెండుతో భాగిస్తుంది. పైథాన్ 2లో ఏడును రెండుతో భాగిస్తే మూడు వస్తుంది. పైథాన్ 3లో మూడున్నర. అందుకే పెట్టె సగం ఇటు, సగం అటు. ఒక్క భాగహారపు గీతను రెండు గీతలు చేస్తే సరిపోయింది.

అన్‌స్టేబుల్ నుంచి తొలగిన ప్యాకేజీ కాబట్టి మళ్లీ కొత్త ప్యాకేజీల వరుసలో నిలబడాల్సి వచ్చింది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఆ ఆట ఉంది. అంటే నేను ఒక్క ఆదివారం కూర్చోకపోవడం వల్ల ఆ గదిలోని పిల్లలకు ఒక విడుదల మొత్తం అది లేకుండా పోయింది. 2019లోనే "నా వల్ల కాదు, ఎవరైనా తీసుకోండి" అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఆ గీతను ఇంకెవరైనా సరిచేసి ఉండేవారేమో.

ఉమ్మడి గొర్రె

ఆటల ప్యాకేజీలను కలిసి చూసుకునే బృందం ఉంది కదా, మరి ఎవరూ ఎందుకు చూడలేదు? ఇది నేను చాలా రోజులు ఆలోచించిన ప్రశ్న. ఆటల ప్యాకేజీల్లో మెయింటెయినర్ (నిర్వహించేవారు) అన్న చోట సాధారణంగా బృందం చిరునామా ఉంటుంది. హెచ్చరికలన్నీ ఆ ఉమ్మడి చిరునామాకు వెళతాయి. బగ్ వచ్చినా, టెస్టింగ్ నుంచి తొలగిస్తామన్న నోటీసు వచ్చినా అక్కడికే. రోజూ వచ్చే ఉత్తరాల్లో అదొకటి. అప్‌లోడర్ల వరుసలో నా పేరు ఉంది కాబట్టి నేను చూస్తానని మిగతావాళ్లు అనుకున్నారు. బృందం ఉంది కాబట్టి ఎవరో ఒకరు చూస్తారని నేను అనుకున్నాను. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

డెబియన్ విధాన పత్రం ఈ ప్రమాదాన్ని ముందే ఊహించింది. మెయింటెయినర్ స్థానంలో బృందం ఉంటే, అప్‌లోడర్లలో కనీసం ఒక మనిషి పేరు తప్పనిసరి అంటుంది. మంచి నియమం. అయితే ఆ మనిషి ఇంకా అక్కడ ఉన్నాడా లేడా అని అడిగే ఏర్పాటు మాత్రం అందులో లేదు. పేరు ఒకసారి రాశామంటే చెరిపేదాకా ఉంటుంది. చెరపడానికి ఎవరికీ చేయి రాదు, ముఖ్యంగా ఆ పేరు గల మనిషికి.

బృందాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కలిసి చేయగల పనుల్లో ఈ బృందం చేసినవి చూస్తే గర్వంగా ఉంటుంది. 2018లో కోడు దాచుకునే పాత సైటు అలియోత్ మూతపడినప్పుడు అన్ని ప్యాకేజీల చరిత్రనూ సాల్సాకు తరలించడం చిన్న విషయం కాదు. గేమ్ డేటా ప్యాకేజర్‌నే తీసుకోండి. డూమ్, క్వేక్ లాంటి ఆటల ఇంజన్ల సోర్సు ఎప్పుడో విడుదలైంది, వాటి బొమ్మలు, శబ్దాలు మాత్రం స్వేచ్ఛగా పంచుకోదగినవి కావు. మన దగ్గర కొన్న సీడీ ఉంటే, అందులోని డేటాను మన కంప్యూటర్‌లోనే ప్యాకేజీగా మార్చి ఇస్తుంది ఆ సాధనం. ఒక్కో ఆటకు ఒక్కో మనిషి విడివిడిగా తలబాదుకోకుండా అందరి శ్రమనూ ఒకచోట చేర్చింది. ఆటలు తెర, శబ్దం, కీబోర్డు వాడుకోవడానికి ఆధారపడే ఎస్‌డీఎల్ లైబ్రరీ సంగతీ అంతే. 1.2 వరుసలో చివరి విడుదల 2012లో వచ్చింది, 2013లో ఎస్‌డీఎల్ 2 వచ్చింది. పాత ఆటలను ఒక్కొక్కటిగా తిరగరాయకుండా, పాత పిలుపులను కొత్త లైబ్రరీకి అందించే పొర ఒకటి తయారైంది. ఒక్క దెబ్బతో ఎన్నో ఆటలు బతికాయి.

ఆటలకు ఈ అవసరం మిగతా సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువ. వెబ్ బ్రౌజర్‌ను రాసేవాళ్లు రోజూ రాస్తూనే ఉంటారు. చాలా ఆటలు అలా కాదు. పుస్తకం రాసి ముగించినట్టు ఒకరోజు పూర్తవుతాయి, రాసినవాళ్లు తమ దారిన వెళతారు. ఆట మారదు, దాని కింద నేల మారుతూ ఉంటుంది. పైథాన్ మారుతుంది, కిటికీలు, బటన్లు గీసే జీటీకే మారుతుంది, కోడును యంత్రభాషలోకి మార్చే కొత్త జీసీసీ నిన్నటిదాకా ఒప్పుకున్న కోడును ఈరోజు తప్పంటుంది. నేల మారిన ప్రతిసారీ ఆటను లేపి నిలబెట్టేది ప్యాకేజీ చూసేవాళ్లే. కాబట్టి వాళ్లు ఉన్నారో లేరో తెలియడం ప్రాణావసరం.

ఈ లోటుకు మందు అసలు లేదని కాదు. కనిపించకుండా పోయిన మెయింటెయినర్లను పలకరించడానికి ఒక బృందమే ఉంది. పట్టించుకోని ప్యాకేజీని ఇంకొకరు చేపట్టే సాల్వేజ్ పద్ధతి 2018లో వచ్చింది. ముందుగా బగ్ రాసి ప్రకటించి, కనీసం 21 రోజులు ఆగి, అభ్యంతరం రాకపోతే తీసుకోవచ్చు. రెండూ అవసరమే. అయితే రెండూ మనిషి మాయమయ్యాక మొదలయ్యేవి. పైగా ఎవరో ఒక కొత్త వ్యక్తి ముందుకు వచ్చి, "మీరు మీ పని చేయడం లేదు" అని అందరి ముందూ అనాలి. మర్యాదస్తులు ఆ మాట అనరు. ప్యాకేజీ అలాగే పడి ఉంటుంది.

కొచ్చిలో విన్న మాట

2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక సమావేశం డెబ్‌కాన్ కొచ్చిలో జరిగింది. మన దగ్గరికి అంత దగ్గరగా వచ్చిందని హైదరాబాద్ నుంచి రైలెక్కాను. ఒక సాయంత్రం టీ తాగుతూ, ఆటలు చూసే ఒకావిడతో మాట కలిసింది. ఆమె పేరు మీద అప్పటికి తొమ్మిది ప్యాకేజీలు ఉన్నాయి. వాటిలో నాలుగు వదిలేయాలని ఉందని చెప్పారు.

"మరి వదిలేయండి, అనాథ అని గుర్తు పెట్టండి" అన్నాను.

"ఆ మాట రాయడానికి చేతులు రావడం లేదండీ. వాటిని నేనే పెంచాను కదా" అన్నారావిడ.

నాకు అప్పుడు తట్టింది. వదిలేసిన ప్యాకేజీకి డెబియన్‌లో వాడే మాట అర్థం సరిగ్గా అదే, అనాథ. ఇన్నేళ్లు ఒంటి చేత్తో నెట్టుకొచ్చిన మనిషి, నా వల్ల కాదని చెప్పడానికి ముందు తన బిడ్డను అనాథ అని ప్రకటించాలి. మాటలో ఏముందని అనిపించవచ్చు. స్వచ్ఛందంగా చేసే పనిలో జీతం లేదు, పదోన్నతి లేదు. ఉన్నదల్లా ఆ పని మీద మమకారం, నలుగురిలో కాస్త గౌరవం. తప్పుకోవడం ఆ రెండింటికీ దెబ్బ అయితే ఎవరు తప్పుకుంటారు?

నేను కోరేది

విడుదలకు ఒకసారి, అంటే సుమారు రెండేళ్లకు ఒకసారి, కొత్త స్టేబుల్ (అధికారిక విడుదల) వచ్చిన నెలలో ప్రతి అప్‌లోడర్‌కూ ఒక ఉత్తరం వెళ్లాలి. మీ పేరు ఈ ప్యాకేజీల్లో ఉంది, వచ్చే విడుదల దాకా వీటిలో వేటిని చూస్తారు? జవాబు ఇచ్చినవాళ్ల పేర్లు ఉంటాయి. రెండు నెలల్లో జవాబు రాకపోతే పేరు దానంతటదే తొలగాలి. వాళ్లు చేసిన పని చేంజ్‌లాగ్‌లో ఎలాగూ చెరగదు. కావలసినప్పుడు మళ్లీ రాసుకోవచ్చు. ఇందులో ఎవరూ ఎవరినీ నిందించనక్కర్లేదు, ఎవరూ తల దించుకోనక్కర్లేదు. పేరు కొనసాగించడానికి ఒక మాట చెప్పాలి, తప్పుకోవడానికి ఏమీ చెప్పనక్కర్లేదు. ఇప్పుడున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

ఇది ఒక్కటే చాలదు. పేరు తీసేస్తే ఖాళీ కనిపిస్తుంది కానీ ఆ ఖాళీలోకి వచ్చేవాళ్లకు ఏమి తెలియాలి? నా ఆట సంగతే చూడండి. ఏడో స్థాయి దాకా ఆడితే తప్ప అది పాడైందో బాగుందో తెలియదు. ఆ సంగతి నా తలలో తప్ప ఎక్కడా లేదు. కాబట్టి ప్రతి ఆట ప్యాకేజీలోనూ ఒక చిన్న కాగితం లాంటి ఫైలు ఉండాలి. ఈ ఆట బాగా నడుస్తోందని ఎలా తెలుస్తుంది, ఎంతసేపు ఆడాలి, ఎక్కడెక్కడ తరచు తెగుతుంది, పది వాక్యాలు చాలు.

ఈ కాగితం ప్రతి ఆటకూ వేరుగా ఉంటుంది. యుద్ధతంత్రపు ఆట వెస్నోత్‌లో కథ సాఫీగా సాగడం ఒక్కటే చాలదు, ఇతరులతో కలిసి ఆడాలంటే రెండు వైపులా వెర్షన్ కుదరాలి. డెబియన్‌లో ఆ ప్యాకేజీ పేరులోనే 1.16, 1.18 అని వరుస సంఖ్య ఉండటం అందుకు పనికొస్తుంది, పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉండగలవు. కొత్తగా వచ్చిన మనిషికి ఆ ఏర్పాటు వెనక కారణం తెలియకపోతే, పేరులో అంకె ఎందుకని తీసేసినా తీసేస్తారు. ఇంకో యుద్ధతంత్రపు ఆట జీరో ఎ.డి. తనకు సరిపడే స్పైడర్‌మంకీ (జావాస్క్రిప్ట్ నడిపే ఇంజన్) ప్రతిని తనతోనే మోసుకొస్తుంది. డెబియన్‌కు అలా మోసుకురావడం నచ్చదు, విడదీస్తే, సరిగ్గా ఆ వెర్షనే దొరకకపోతే ఆట నడవదు. ఇలాంటివి అనుభవంతో తెలిసినవాళ్లు రాసి పెడితేనే తర్వాతి వాళ్లకు అందుతాయి.

స్వయంచాలక పరీక్షలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఇంకా కావాలి కూడా. ఎక్స్‌వీఎఫ్‌బీతో ఒక ఉత్తుత్తి తెర సృష్టించి, ఆటను తెరిచి, పది సెకన్ల పాటు కూలిపోకుండా ఉందో లేదో చూడవచ్చు. నా ఆట ఆ పరీక్షలో నెగ్గేది. రెండు గళ్ల మధ్య నిలిచిన పెట్టెను చూసి "ఇదేమిటి నాన్నా" అని అడిగినది మూడేళ్లు కూడా నిండని పిల్లవాడు. ఆడి చూడటమనే పనికి ప్యాకేజీ కట్టడం రానవసరం లేదు. పైథాన్ రానవసరం లేదు. గ్రంథాలయం పెద్దాయన లాంటి వాళ్లు ఎందరో ఆ పని చేయగలరు, వాళ్లను అడిగే అలవాటే మనకు లేదు. విడుదలకు ముందు కొత్త మార్పులు ఆపే ఫ్రీజ్ నెలల్లో ఆ కాగితం పట్టుకుని ఒక్కో ఆట ఆడి, "ఫలానా తేదీన ఫలానా స్థాయి దాకా ఆడాను, బాగుంది" అని రాసేవాళ్ల పేర్లు కూడా చేంజ్‌లాగ్‌లోకి ఎక్కాలి. అదీ మెయింటెయినర్ పనిలో భాగమే.

నన్ను వదలని అనుమానాలు

అప్పగించడం తేలిక చేయాలని ఇంత చెప్పాను. 2024 మార్చి చివర్లో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాధనం ఉదంతం బయటపడినప్పుడు నా కాళ్ల కింద నేల కదిలింది. అలసిపోయిన ఒంటరి మెయింటెయినర్. ఆయన మీద ఒత్తిడి తెచ్చే ఉత్తరాలు. సాయం చేస్తానంటూ వచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా నమ్మకం సంపాదించి, చివరకు దొంగ తలుపు పెట్టిన అజ్ఞాత వ్యక్తి. డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్ దాకా ఆ కోడు వచ్చింది. అప్పగించు అప్పగించు అని నేను అంటున్నది అలాంటి వాళ్లకు తలుపు తీయడం కాదా?

దీన్ని చాలాసార్లు అటూ ఇటూ తిప్పి చూశాను. ఆటలో ఏముందిలే అనడానికి లేదు. ఆట కూడా మన ఖాతా హక్కులతోనే నడుస్తుంది, మన ఫైళ్లన్నీ చదవగలదు, నెట్‌వర్క్‌కు వెళ్లగలదు. చివరికి నాకు అనిపించేది ఇది: ఆ దొంగకు పనికొచ్చినది ఒంటరితనం. పక్కన చూసేవాళ్లు లేని చోట, ఇక మోయలేని మనిషి దొరికిన ఒక్క చేతికి భారం ఇచ్చేశాడు. ముందుగానే చెప్పి, నలుగురి ఎదుట, బృందం చేతికి అప్పగిస్తే అలా జరిగే అవకాశం తగ్గుతుంది. తగ్గుతుంది అంటున్నాను, పోతుంది అనడం లేదు. కాబట్టి కొత్తగా తీసుకున్నవాళ్ల మొదటి కొన్ని అప్‌లోడ్‌లను ఇంకొకరు తప్పకుండా చదవాలి. ఆ చదివే ఓపిక ఎవరికి ఉందన్న ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు.

రెండో అనుమానం నియమాల మీద. ఇష్టంతో వచ్చిన వాళ్లకు రెండేళ్లకోసారి హాజరు తీస్తే విసుగు పుట్టదా? ఒక మిత్రుడు ఇదే అన్నాడు: "ఇల్లు, ఆఫీసు అయ్యాక రాత్రి పదకొండింటికి కూర్చునే పని ఇది, దీనికి కూడా హాజరా?" అతని మాటలో న్యాయం ఉంది. మొదట్లో నేను ప్రతి ఆటకూ ఇద్దరు మనుషులు తప్పనిసరి అని కూడా రాద్దామనుకున్నాను. అతనితో మాట్లాడాక మానుకున్నాను. ఇద్దరు దొరికేదాకా ఆగాలంటే నా పెట్టెల ఆట అసలు డెబియన్‌లోకి వచ్చేది కాదు.

ఇక ఆటలు నేరుగా దించుకోవడానికి స్టీమ్ ఉంది, ఫ్లాట్‌హబ్ ఉంది, ఈ ప్యాకేజీల తాపత్రయం ఎందుకనేవాళ్లు. పెద్ద ఆటలకు అవే తగిన చోటు, నేనూ వాడతాను. 2014లో స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ డెబియన్ డెవలపర్లకు తన ఆటలను ఉచితంగా ఇచ్చి కృతజ్ఞత చెప్పుకుంది, అప్పట్లో దాని స్టీమ్‌ఓఎస్‌కు పునాది డెబియనే. ఆ గ్రంథాలయం గదిలో మాత్రం ఏ పిల్లవాడికీ ఖాతా లేదు. ఇంటర్నెట్ ఎప్పుడూ ఉండదు. ఒకసారి వేసిన కంప్యూటర్ మళ్లీ విడుదల దాకా అలాగే ఉండాలి. లైసెన్సు చదివి, సోర్సు నుంచి కట్టి, పక్కన పెట్టిన ఆటలే అక్కడ పనికొస్తాయి.

కొన్ని ఆటలు పోనివ్వాలన్న మాటను మాత్రం ఒప్పుకుంటాను. ఎవరూ ఆడని, ఎవరూ చూడని, భద్రతా లోపాలున్న ప్యాకేజీని స్టేబుల్‌లో ఉంచడం వాడేవాళ్లకు అన్యాయం. అయితే అది ఎవరో చూసి, ఆలోచించి తీసుకున్న నిర్ణయం కావాలి. నా ఆట అలా పోలేదు.

పేరు తీసేసిన రెండు ఆటల్లో ఒకదాన్ని నాలుగో రోజునే బృందంలో ఒకరు తీసుకున్నారు. రెండేళ్ల నుంచి దాని మీద కన్నుందట, నా పేరు చూసి ఊరుకున్నారట. రెండోదానికి ఇంకా ఎవరూ రాలేదు. పెట్టెల ఆటలో నా పేరు ఉంచుకున్నాను, వచ్చే విడుదల దాకా చూడగలనన్న ధైర్యంతో. నిన్న రాత్రి దాని కాగితం రాశాను. మొదటి వాక్యం: "ఏడో స్థాయి దాకా తప్పకుండా ఆడండి. పెట్టె గడి మధ్యలో నిలబడాలి." దాని కింద గ్రంథాలయం పెద్దాయన చిరునామాకు బదులు ఆయన అనుమతితో ఇంకో వాక్యం చేర్చాను: ఫ్రీజ్ మొదలయ్యాక బృందానికి చెబితే, శనివారం మధ్యాహ్నం పిల్లలతో ఆడించి చూసి ఫలితం రాసి పంపే గ్రంథాలయం ఒకటి ఉంది.